బాలింత గదిలో కూలర్

నాకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. చిన్నప్పటి నుంచీ అంతే. అన్నం తింటూ తింటూ లేచి, పక్క గదిలో ఎవరూ లేకుండా తిరుగుతున్న ఫ్యాన్ ఆపి వచ్చేదాన్ని. "కూసున్నదానివి కూసున్నట్టు తినరాదే" అని మా అమ్మ మొత్తుకునేది. ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాను. చంద్రపూర్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. అయినా ఆ తీరు మారలేదు. స్టాఫ్ రూములోంచి బయటికొస్తూ అలవాటుగా లైటు ఆపేస్తే, లోపల కాగితాలు దిద్దుకుంటున్న వాళ్లు "మేడం, మేమింకా ఇక్కడే ఉన్నాం" అని అరుస్తారు.

ఈ జబ్బుకు నేను పెట్టుకున్న మర్యాదైన పేరు కార్యక్షమత. మరాఠీలో కూడా అదే మాట కాబట్టి క్లాసులో నాకు సులువు. పరికరానికి ఎంత శక్తి ఇచ్చాం, అందులో మన పనికి వచ్చింది ఎంత. రెండోదాన్ని మొదటిదానితో భాగించాలి. ఏటా ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెరుగుతుంది. పాత బుగ్గ బల్బు వెలుతురు కోసం కరెంటు తాగి చాలావరకు వేడి కక్కుతుందని చెప్తాను. మన ఊరి ప్లాంటులో కాలే బొగ్గు వేడిలో మూడో వంతో, ఇంకొంచెమో కరెంటవుతుంది, మిగతాదంతా నీళ్లలోకీ ఆకాశంలోకీ పోతుందని చెప్తాను. ప్లాంటులో పనిచేసేవాళ్ల పిల్లలు ముందు బెంచీల్లోనే ఉంటారు. ఇంట్లోవాళ్ల మీద చాడీలు చెప్పినట్టు నన్ను అదోలా చూస్తారు. నేను పట్టించుకోను. వృథా అనే మాట వింటేనే నా ఒళ్లు మండుతుంది.

ఎండాకాలంలో ఆ మంట ఇంకా ఎక్కువ. మా ఊరి ఎండ సంగతి దేశమంతా పేపర్లో చదువుతుంది కాబట్టి నేను చెప్పక్కర్లేదు. ఏప్రిల్ వచ్చిందంటే ప్రతి ఇంటి కిటికీకీ బయటివైపు ఒక కూలర్ దిగుతుంది. రేకు డబ్బా, మూడు పక్కలా గడ్డి, కింద నీళ్ల తొట్టి, ఒక చిన్న పంపు, ఒక పెద్ద ఫ్యాను. పంపు గడ్డిని తడుపుతూ ఉంటుంది, ఫ్యాను బయటి పొడి గాలిని తడి గడ్డిలోంచి లాగుతుంది, నీళ్లు ఆవిరవుతూ గాలిలో వేడిని తీసుకుంటాయి, చల్లబడ్డ గాలి ఇంట్లోకి వస్తుంది. ఇంతవరకూ నాకు ఏ పేచీ లేదు. కానీ కూలర్ పెట్టిన ప్రతి ఇంట్లో ఎదురుగా ఒక తలుపు బార్లా తెరిచి పెడతారు. వచ్చిన చల్లగాలి వచ్చినట్టే అట్నుంచి వీధిలోకి పోతుంది. మా ఇంటి వెనక తలుపు దగ్గర వీధికుక్క ఒకటి ఆ గాలికి కాళ్లు చాపుకుని పడుకునేది. కరెంటు మాది, నీళ్లు మావి, చల్లదనం కుక్కది. దాన్ని చూసినప్పుడల్లా నాకు క్లాసులో బోర్డు మీద రాసే భాగహారం గుర్తొచ్చేది.

ఇది జరిగి రెండేళ్లయింది. మా చెల్లెలు మొదటి కాన్పుకు మా ఇంటికొచ్చింది. దాన్ని రాజురా దాటాక లక్కడ్‌కోట్‌లో ఇచ్చాం. పత్తి పండించే ఇల్లు. పెళ్లయిన పదేళ్లకు, రెండుసార్లు కడుపు పోయాక నిలిచిన బిడ్డ. ఏప్రిల్ చివర్లో ఆడపిల్ల పుట్టింది. చిన్నపిల్లే, కానీ గట్టిగా ఏడ్చే పిల్ల. ఆస్పత్రి నుంచి మూడో రోజున ఇంటికి తీసుకొచ్చాం. బయట నలభై ఆరు డిగ్రీలు. ఆటోలో కూర్చున్నంతసేపూ మా అమ్మ తన కొంగును పిల్ల మీద పందిరిలా పట్టుకునే ఉంది.

ఈ పిల్లకు ఏమీ కాకూడదు. మా నలుగురి మనసులోనూ ఆ ఎండాకాలం ఉన్నది అదొక్కటే. నలుగురం అంటే అమ్మ, బాపు, చెల్లెలు, నేను. నేను పెళ్లి చేసుకోలేదు, అమ్మానాన్నలతోనే ఉంటాను. మా బాపు బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. తెలంగాణ నుంచి పని వెతుక్కుంటూ వచ్చి మొదట వరోరాలో, తర్వాత ఇక్కడ. ఆయన బొగ్గు తవ్వినవాడు కాదు. గని మీద ఒక పెద్ద ఫ్యాను ఉంటుంది. అది ఒక దారిలోంచి లోపలి గాలిని బయటికి లాగుతూ ఉంటే, ఇంకో దారిలోంచి మంచి గాలి కిందికి దిగుతుంది. ఆ ఫ్యాను దగ్గర కూర్చుని, గంట గంటకూ అది సరిగా లాగుతోందా లేదా చూసి రాసే డ్యూటీ ఆయనది. కింద ఉన్న వందల మంది ఊపిరి తన చేతిలో ఉందని ఆయన ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు. అసలు ఆయన మాట్లాడటమే తక్కువ.

బాలింత గది విషయంలో మా అమ్మ నియమాలు మా అమ్మవి. బాలింతకు గాలి సోకకూడదు. చెవులకు బట్ట కట్టాలి. కిటికీలు మూసే ఉండాలి. ఇరవయ్యొకటో రోజు పురుడు చేసేదాకా మగవాళ్లు ఆ గది గడప దాటకూడదు. మామూలు రోజుల్లో అయితే వీటిలో ప్రతిదాని మీదా నేను అమ్మతో యుద్ధం చేసేదాన్ని. మా ఇద్దరికీ ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలన్న దాని మీద కూడా పడదు. కానీ ఆ రోజు కిటికీ మూయాలని అమ్మ అనగానే నా బుర్రలో ఏదో వెలిగింది.

కూలర్ కిటికీ బయట ఎందుకుండాలి? బయట ఉంటే అది నలభై ఆరు డిగ్రీల గాలిని లాగి చల్లబరచాలి. అదే గది లోపల పెడితే, అప్పటికే చల్లబడ్డ గాలినే లాగి ఇంకా చల్లబరుస్తుంది. కిటికీలు, తలుపులు మూసేస్తే చల్లదనం గదిలోంచి బయటికి పోదు. ఇచ్చిన శక్తిలో ఒక్క రవ్వ కూడా కుక్కపాలు కాదు. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఇంత తేలికైన విషయం ఎవరికీ తట్టలేదే అని నా మీద నాకే ముచ్చటేసింది.

పక్కింటి వాళ్లను ఇద్దరిని పిలిచి కూలర్‌ను లోపలికి మోయించాను. కిటికీ రెక్కలు మూసి, సందుల్లో థర్మోకోల్ ముక్కలు దూర్చి, చుట్టూ పార్సిల్ కట్టే టేపు అంటించాను. ఆ గదిలోంచే వీధిలోకి తెరుచుకునే వెనక తలుపు మూసి, దాని కింద తడిబట్ట పెట్టాను. గోడకు థర్మామీటర్ తగిలించాను. అమ్మ కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి పెట్టి చూసి, ఎక్కడా గాలి రావడం లేదని తృప్తి పడింది. తనకు కావాల్సింది బాలింతకు గాలి తగలకపోవడం, నాకు కావాల్సింది గాలి వృథా కాకపోవడం. జీవితంలో మొదటిసారి మేమిద్దరం ఒక మాట మీద నిలబడ్డాం.

మొదటి రోజు పండగే. ముప్పై ఏడు ఉన్న గది రెండు గంటల్లో ముప్పైకి దిగింది. నేను పది నిమిషాలకోసారి లోపలికి తొంగిచూసి అంకె చదివి బయటికొచ్చి చెప్పేదాన్ని, క్రికెట్ స్కోరు చెప్పినట్టు. చెల్లెలు కంటినిండా నిద్రపోయింది. పిల్ల కూడా. అమ్మ నా గడ్డం పట్టుకుని "నా బిడ్డ సదువు ఇయ్యాల్టికి అక్కరకొచ్చింది" అంది. మా అమ్మ సంతకం కూడా అతికష్టం మీద పెడుతుంది. ఆ మాటకు నాకు ఎంత పొంగిందో చెప్పలేను. నా రెండు డిగ్రీలు తీసుకున్న రోజుల్లో కూడా అంత పొంగలేదు.

రెండో రోజుకు గదిలో దుప్పట్లు చెమ్మగా తగలడం మొదలైంది. పిల్ల గుడ్డలు లోపల తాడు మీద వేస్తే ఆరలేదు. బయట తీగ మీద వేస్తే అయిదు నిమిషాల్లో అప్పడాల్లా బిగుసుకున్నాయి. అమ్మ ఆ గుడ్డలు బయట ఆరేయసాగింది, అంతే, దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు. నేను మాత్రం ఇంకో విషయం గమనించి సంబరపడ్డాను. బయట ఉన్నప్పుడు రోజుకు రెండుసార్లు తొట్టి నింపాల్సి వచ్చేది. ఇప్పుడు నీళ్లు తగ్గడమే లేదు. కరెంటే కాదు, నీళ్లు కూడా మిగులుతున్నాయి! నోట్‌బుక్కులో అది కూడా రాసుకున్నాను.

ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. నీళ్లు తగ్గడం లేదంటే ఆవిరి కావడం లేదు. ఆవిరి కావడం లేదంటే చల్లబరచడం లేదు. మూసిన గదిలో గాలి ఎంత తేమ పట్టగలదో అంతా పట్టేసింది, ఇక దానికి చోటు లేదు. చెమట కూడా నీళ్లే కదా, అదీ ఆరదు. ఒంట్లో వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. గుప్తోష్ణం పాఠం నేను పదిహేనేళ్లుగా చెప్తున్నాను. పరీక్షలో ఇదే ప్రశ్న ఇచ్చి, రాయలేకపోయిన పిల్లల్ని నిలబెట్టి అడిగినదాన్ని. ఆ తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుని నీటి మట్టం చూసుకుని మురిసిపోయాను.

మూడో రోజు పొద్దున చెల్లెలు నన్ను పిలిచింది. మంచం మీద అటూ ఇటూ కదులుతోంది, జాకెట్టు ఒంటికి అతుక్కుపోయింది.

"అక్కా, ఊపిరాడ్తలేదే. జర ఆ కిటికీ తెరువు."

"తెరిస్తే మొత్తం పోతది. సూడు, బయట నలభై ఆరు. నీ దగ్గర ముప్పై రెండు" అని థర్మామీటర్ చూపించాను.

"అంకె గట్లనే ఉన్నది గని, నాకు గట్ల లేదు. మా లక్కడ్‌కోట్‌ల వాకిట్ల పండుకున్నా గింత ఉడకపోయదు."

"రెండు దినాలల్ల అలవాటైతది."

నాకు కోపం వచ్చింది. ఉన్నమాట చెప్తున్నాను. ఇంత కష్టపడి, టేపు అంటించి, పది నిమిషాలకోసారి చూస్తూ ఉంటే, దీనికి బాగుందనే మాట నోటి నుంచి రాదా అనిపించింది. చిన్నప్పటి నుంచీ గారాబం దానికి అనుకున్నాను. గదిలోంచి బయటికొచ్చాక కూడా కాసేపు అలాగే వసారాలో అటూ ఇటూ నడిచాను. దాని మాట నాకు ఫిర్యాదులా వినబడిందే తప్ప కబురులా వినబడలేదు.

ఆ సాయంత్రం నేను గదిలోకి అన్నం తీసుకెళ్తుంటే, బాపు దేవుడి దగ్గర వెలిగించిన అగరుబత్తి చేతిలో పట్టుకుని గడప బయట నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు. నేను తలుపు ఓరగా తీసినప్పుడు, ఆ సందు దగ్గర అగరుబత్తి పెట్టి పొగను చూస్తున్నాడు. పొగ లోపలికి పోలేదు, బయటికి రాలేదు. నిలువుగా పైకి లేచింది.

"గాలి ఆడ్తలేదు బిడ్డా" అన్నాడు. "లోపలికెల్లి బయటికి తొవ్వ ఏది?"

"తొవ్వ ఉండొద్దనే కదా బాపు మూసింది."

"తొట్ల నీళ్లు గట్లనే ఉన్నయట గద. ఎందుకు తగ్గుతలేవ్?"

"మంచిదే కదా!"

ఆయన ఇంకేదో అనబోయాడు. లోపలి నుంచి అమ్మ కేకేసింది. "పసిపిల్ల కాడ పొగేందయ్యా! పురుడు గాకముందే గడప కాడికొస్తవా?" నేనూ వంతపాడాను. "బాపు, నువ్వు పో, నేను సూస్కుంట కద" అన్నాను. ముప్పై ఏళ్లు గాలినే కాపలా కాసిన మనిషి. ఆయన్ని గడప దగ్గర నుంచి పంపేయడానికి, నేను అస్సలు నమ్మని ఆచారం నాకు ఆ క్షణాన బాగా పనికొచ్చింది. ఆయన అగరుబత్తి మళ్లీ దేవుడి దగ్గర గుచ్చి, వసారాలో తన కుర్చీలోకి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు పిల్ల ఒళ్లంతా చెమటకాయలు లేచాయి. అమ్మ వేడి చేసిందంది. నేను అంకె చూశాను. ముప్పై మూడు. ఒక డిగ్రీ ఎందుకు పెరిగిందో అర్థం కాక, టేపు ఎక్కడైనా ఊడిందేమోనని వెతికాను. ఒక మూల నిజంగానే ఊడింది. అక్కడి నుంచి సన్నగా, సూదిలాగా పొడిగాలి వస్తోంది. దాన్ని రెండు పొరలు వేసి మరీ అంటించాను. ఆ మూల వైపుకే చెల్లెలు తల పెట్టుకుని పడుకుందని అప్పుడు చూశాను. చూసి కూడా, ఎందుకని అడగలేదు.

అయిదో రోజు మధ్యాహ్నం మూడు గంటలకు పిల్ల ఏడుపు ఆగిపోయింది.

పొద్దుటి నుంచీ సన్నగా, పిల్లికూనలా మూలుగుతూనే ఉంది. అది ఆగగానే మొదట హమ్మయ్య అనుకున్నాను. తర్వాత లోపల చెల్లెలి గొంతు వినబడింది. "అమ్మా, ఇది పాలు పట్టుకుంట లేదు. నోరు తెరుస్తలేదు." నేను లోపలికి పరుగెత్తాను. పిల్ల చెయ్యి పట్టుకుంటే కాలుతోంది. వదిలితే ఆ చెయ్యి పడిపోయింది. అమ్మ ఉప్పు తెచ్చి దిష్టి తీయడం మొదలుపెట్టింది. నేను ఏం చేశానో చెప్పాలంటే నోరు రాదు. నేను గోడవైపు తిరిగి థర్మామీటర్ చూశాను.

బాపు ఎప్పుడు లేచాడో తెలియదు. గడప దాటి లోపలికొచ్చాడు. ఆయన ఆ గదిలోకి రావడం చూసి అమ్మ చేతిలో ఉప్పు అలాగే ఉండిపోయింది. ఆయన ఆగలేదు. నేరుగా కిటికీ దగ్గరికి పోయి టేపు మొత్తం ఒక్క లాగుతో పీకేశాడు. థర్మోకోల్ ముక్కలు మంచం మీద రాలాయి. రెక్కలు రెండూ బార్లా తెరిచాడు. వెనక తలుపు తీశాడు. కూలర్ ప్లగ్గు పీకేశాడు.

వడగాలి లోపలికి కొట్టింది. "బాపు, బయట నలభై ఆరున్నది! పిల్ల సచ్చిపోతది!" అని నేను అరిచాను. నిజంగా ఆ మాటే అన్నాను.

ఆయన నావైపు తిరిగాడు. "కింద గనిల గిట్లనే ఒకపారి జేసిన్రు. పోవాల్సిన గాలిని మళ్ల లోపలికే తిప్పిన్రు. తిరిగి తిరిగి అదే గాలి. మనుషులు నిలబడ్డోళ్లు నిలబడ్డట్టే పడ్డరు" అన్నాడు. "ఆటో పిలువు."

చెల్లెలు ఆ వేడిగాలికి ఎదురుగా ముఖం పెట్టి, కళ్లు మూసుకుని, గుండెల నిండా పీల్చుకుంది. దాని నుదుటి మీద చెమట నా కళ్ల ముందే ఆరిపోయింది. ఆ వడగాలే దానికి హాయిగా ఉంది. నేను ఆటో కోసం వీధి చివరిదాకా చెప్పుల్లేకుండా పరిగెత్తాను. అరికాళ్లు బొబ్బలెక్కాయని ఆస్పత్రికి వెళ్లాక గానీ తెలియలేదు.

పిల్లల డాక్టరమ్మ మరాఠీ ఆమె, మాకంటే చిన్నదే. పిల్లను లోపలికి తీసుకుని, ఆ చీపురుపుల్లంత చేతికి సెలైన్ పెట్టి, అరగంట తర్వాత బయటికొచ్చింది. ఒంట్లో నీళ్లు ఇంకిపోయాయి, వడదెబ్బ కూడా తగిలింది, ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్ని అంది. తర్వాత అడిగింది. "ఖిడకీ ఉఘడీ హోతీ కా?" కిటికీ తెరిచి ఉందా అని.

నేను నోరు తెరిచేలోపే అమ్మ ముందుకొచ్చింది. ఆమెకు బజారు మరాఠీ వచ్చు. బాలింతకు గాలి తగలకూడదని, తమలో అదే పద్ధతి అని, అందుకే మూయించానని, రెండు చేతులూ జోడించి వచ్చీరాని మాటల్లో చెప్పింది. డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. చదువూ సంధ్యా లేని ఈ మూఢనమ్మకాలతోనే పిల్లల్ని చంపుతున్నారని, ఈ కాలంలో కూడా ఇదేం మూర్ఖత్వమని, వరండాలో అందరూ వింటుండగా అమ్మను కడిగేసింది. అమ్మ తలొంచుకుని "చుక్లే బాయి, చుక్లే" అంటూనే ఉంది. తప్పయింది తల్లీ, తప్పయింది.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. చేతికి గడియారం, భుజానికి బ్యాగు, కాలేజీ గుర్తింపు కార్డు ఆ బ్యాగులోనే. టేపు అంటించింది నేను. కూలర్ లోపలికి మోయించింది నేను. ఊపిరాడటం లేదన్న చెల్లెలి నోరు మూయించింది నేను. అమ్మ నియమం ఒక్కటే అయితే, మా ఊళ్లో అన్ని బాలింత గదుల్లోలాగే ఏదో ఒక సందులోంచి గాలి ఆడుతూనే ఉండేది. సందు లేకుండా మూసిన ఘనత నాది. డాక్టరమ్మ నావైపు చూసి, కనీసం మీరైనా చెప్పాల్సింది కదా అన్నట్టు తలాడించింది. నేను కూడా తలాడించాను.

అవును. తలాడించాను. దాన్ని మించిన నీచం నేను నా జీవితంలో చేయలేదు.

ఆస్పత్రిలో మూడు రోజులున్నాం. నేను వరండా ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాను. కూర్చుంటే చెప్పేయాల్సి వస్తుందని భయం. అక్కడా ఇక్కడా ఖాళీ గదుల్లో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, ఒక్కదాన్నీ ఆపబుద్ధి కాలేదు. రెండో రోజు సాయంత్రానికి పిల్ల కళ్లు తెరిచి, ఒక్కసారి గట్టిగా ఏడ్చింది. చెల్లెలు గోడకు తల ఆనించుకుని తనూ ఏడ్చింది. నేను దాని భుజం మీద చెయ్యి వేశాను. అది నా చెయ్యి తీసేయలేదు, పట్టుకోనూ లేదు.

ఇంటికొచ్చేసరికి బాపు కూలర్‌ను మళ్లీ కిటికీ బయట పెట్టించాడు. గడ్డి మార్చాడు. వెనక తలుపు తెరిచే ఉంది. చల్లటి గాలి ఒకవైపు నుంచి వచ్చి, మంచం మీదుగా పోయి, అటువైపు నుంచి వీధిలోకి వెళ్తోంది. అమ్మ ఆ కిటికీ దగ్గర నిలబడి, రెక్క మీద చెయ్యి పెట్టి, నావైపు చూసింది.

"ఎంత తెరువాలె బిడ్డా? గింత చాలా? నాకు సమజ్ కాదు, నువ్వే చెప్పు."

అప్పటికి డెబ్భై దాటిన మనిషి, ఆరు కాన్పులు చేసిన చేతులు. తన ఇంట్లో తన కిటికీ తెరవడానికి నన్ను అడుగుతోంది. ఆమెకు తన మీద నమ్మకం పోయింది. అది నేను తీసేసుకున్నదే. "పూర్తిగా తెరువమ్మా" అన్నాను, టీచర్ గొంతుతోనే. ఆ రోజు నుంచీ ఇరుగుపొరుగు ఎవరొచ్చినా అమ్మ అదే చెప్పేది. "నా మొద్దుతనానికి పిల్ల పోతుండె. దేవుడు సల్లగ జూసిండు." ఎవరో ఒకరు ఊరుకోమ్మా అనేవారు. నేను లోపల గిన్నెలు సర్దుతూ ఉండేదాన్ని, సర్దిన గిన్నెలే మళ్లీ సర్దేదాన్ని.

చెల్లెలు వారం రోజులు చూసింది. ఒక మధ్యాహ్నం పిల్లకు పాలిస్తూ, తలెత్తకుండానే అడిగింది.

"ఆ దినం డాక్టరమ్మ అమ్మను గన్ని మాటలంటుంటె, నువ్వు నోరెందుకు తెరువలే?"

"భయమైంది" అన్నాను.

"ఎందుకు? నీకేం చేస్తుండె ఆమె?"

ఏమీ చేసేది కాదు. ఫిజిక్స్ చెప్పే మనిషినన్న గొప్ప ఒకటి పోయేది, అంతే. దానికోసం మా అమ్మను వరండా మధ్యలో నిలబెట్టాను.

రెండు రోజుల తర్వాత పిల్లను మళ్లీ చూపించాల్సి ఉంది. నలుగురం వెళ్లాం. బాపు కింద చెట్టు నీడలో ఆటో దగ్గర ఉండిపోయాడు. లోపలికి ఇద్దరినే రానిస్తారని అమ్మ బెంచీ మీద కూర్చుంది, ఆ డాక్టరమ్మ ముందుకు రాకుండా తప్పినందుకు కొంచెం తేలికపడ్డట్టే కనిపించింది. పిల్ల బరువు పెరిగింది. డాక్టరమ్మ సంతోషించింది. చీటీ రాస్తూ, ఆజీకి, అంటే పిల్ల అమ్మమ్మకు, గట్టిగా చెప్పండి, మళ్లీ కిటికీలు మూయిస్తుందేమో అంది.

"ఖిడకీ మీ బంద్ కేలీ హోతీ" అన్నాను. "ఆయీనే నాహీ." కిటికీ మూసింది నేను. మా అమ్మ కాదు.

ఆమె రాయడం ఆపలేదు. నేను ఆగలేదు. కూలర్ లోపల పెట్టించిన సంగతి, టేపు సంగతి, చెల్లెలు ఊపిరాడటం లేదన్న సంగతి, మా బాపు పొగ పెట్టి చూసి అడిగిన సంగతి, అన్నీ వరసగా చెప్పాను. మధ్యలో ఎక్కడో ఆమె పెన్ను ఆగింది.

"తుమ్హీ కాయ్ కర్తా?" అని అడిగింది. మీరేం చేస్తారు?

"ఫిజిక్స్ చెప్తాను" అన్నాను మరాఠీలో.

ఆమె పెన్ను కింద పెట్టింది. తిట్టలేదు. అమ్మకు దక్కిన తిట్లలో ఒక్కటి కూడా నాకు దక్కలేదు. చదువుకున్న వాళ్లు కూడా ఒక్కోసారి అలా చేస్తుంటారు, జాగ్రత్తగా ఉండండి అంది మర్యాదగా, మాట మెత్తగా. ఆ మెత్తదనం నన్ను కోసేసింది. చీటీ తీసుకుని లేచాను. చెల్లెలు పిల్లను నా చేతుల్లో పెట్టి, చెప్పులు వేసుకోవడానికి వంగింది.

బయట బెంచీ మీద నుంచి అమ్మ గబుక్కున లేచింది.

"ఏమన్నదే? మల్ల నన్నే తిట్టిందా?"

"లేదమ్మా. తప్పు నాదని నేనే చెప్పిన."

అమ్మ నా ముఖంలోకి అయోమయంగా చూసింది. తర్వాత నా చెంప మీద చెయ్యి వేసి, పక్కనున్న వాళ్లకు వినబడకుండా గొంతు తగ్గించింది.

"నా తప్పు నీ మీదెందుకు ఏసుకున్నవ్ బిడ్డా? సదువుకున్నదానివి, గిసొంటి పని నువ్వు జేస్తవంటె ఎవరన్న నమ్ముతరా?"